నిద్రకు తోడు ఒక హోరు

అల్ వర్సాన్‌లో రాత్రి అందరికీ ఒకే వేళకు రాదు. ఎయిర్‌పోర్టులో నైట్ డ్యూటీ ముగించుకుని ఒకరు తెల్లవారాక గదికి చేరతారు. అప్పటికే హోటల్ కిచెన్‌లో పనిచేసే రూమ్‌మేట్ స్నానానికి లేచి ఉంటాడు. అర్ధరాత్రి దాటాక డెలివరీ కుర్రాడు కింద బైకు స్టాండు వేస్తాడు. లిఫ్టు తలుపు, తాళంచెవుల గుత్తి, మైక్రోవేవ్ కూత, పక్క మంచం మీది అలారం ఒకదాని తర్వాత ఒకటి వినిపిస్తూనే ఉంటాయి. ఏ ఒక్కటీ పెద్ద శబ్దం కాదు. కానీ రాత్రికి నాలుగైదు సార్లు నిద్ర తెగ్గొట్టడానికి ఈ చిన్న చప్పుళ్లే చాలు.

దుబాయ్‌లో షేక్ మొహమ్మద్ బిన్ జాయెద్ రోడ్డు పక్కనున్న ఈ ప్రాంతాన్ని మనవాళ్లు ఎక్కువగా ఇంటర్నేషనల్ సిటీ అనే పిలుస్తారు. చైనా, ఇంగ్లండ్, ఫ్రాన్స్, గ్రీస్, ఇటలీ, మొరాకో, పర్షియా, రష్యా, స్పెయిన్, ఎమిరేట్స్ అని క్లస్టర్లకు పేర్లు పెట్టి నఖీల్ సంస్థ కట్టించిన కాలనీ ఇది. అంతస్తులు తక్కువ, భవనాలు ఎక్కువ. చాలావరకు స్టూడియోలు, ఒక్క బెడ్‌రూము ఇళ్లే. కాబట్టి మంచానికీ వంటగట్టుకూ మధ్య గోడ కూడా ఉండదు. దుబాయ్‌లోని ఖరీదైన పేటలతో పోలిస్తే అద్దెలు అందుబాటులో ఉంటాయి. అందుకే జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప, కోనసీమల నుంచి వచ్చినవాళ్లు కొందరు కుటుంబంతో, కొందరు ఒక్క మంచం మాత్రమే అద్దెకు తీసుకునే బెడ్‌స్పేస్‌లో ఇక్కడ కాపురముంటారు.

బయటి శబ్దాలకూ లోటు లేదు. దగ్గర్లోనే అల్ అవీర్ పళ్లు, కూరగాయల మార్కెట్ ఉంది. సరుకు దిగేది ఎక్కువగా రాత్రి, తెల్లవారుజాము వేళల్లోనే. రద్దీ వేళల్లో లారీలను ఆపే నిబంధనలు దుబాయ్‌లో ఉన్నాయి. ఎమిరేట్స్ రోడ్డులో అల్ అవీర్ వీధి నుంచి షార్జా దాకా సాయంత్రం 5:30 నుంచి 8 గంటల వరకు లారీలు తిరగకూడదని 2025 జనవరి 1 నుంచి ఆంక్ష పెట్టారు. రద్దీ తగ్గడానికి అది మంచిదే. అయితే ఆగిన లారీలు ఆ తర్వాతే కదలాలి. దానికితోడు ఇంటర్నేషనల్ సిటీ మీదుగా వెళ్లే మెట్రో బ్లూలైన్‌కు 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. 30 కిలోమీటర్లు, 14 స్టేషన్లు ఉన్న ఈ మార్గాన్ని 2029 సెప్టెంబర్ 9న ప్రారంభించాలన్నది లక్ష్యం. అంటే ఇంకా కొన్నేళ్లు ఈ చుట్టుపక్కల యంత్రాల మోత తప్పదు.

ఇలాంటి చోట ‘వైట్ నాయిస్ మెషీన్ కొనుక్కుంటే నిద్ర పడుతుందా?’ అని అడిగేవాళ్లు ఎక్కువవుతున్నారు. శబ్దం వల్ల నిద్ర పట్టనివాళ్లు గదిలోకి ఇంకో శబ్దాన్ని తెచ్చుకోవడం ఏమిటన్న అనుమానం సహజమే. అది తీరాలంటే మనల్ని నిద్రలేపుతున్నది నిజానికి ఏమిటో ముందు చూడాలి.

నిద్రపోయినా చెవి మూతపడదు. కళ్లకు రెప్పలున్నట్టు చెవులకు లేవు. శబ్దం రాత్రంతా మెదడును చేరుతూనే ఉంటుంది. ఏది పట్టించుకోవాలో, ఏది వదిలేయాలో మెదడు నిద్రలోనే తేల్చుకుంటూ ఉంటుంది. 1960లో ఓస్వాల్డ్, టేలర్, ట్రెయిస్‌మన్ అనే శాస్త్రవేత్తలు నిద్రపోతున్నవాళ్లకు రకరకాల పేర్లు వినిపించి చూశారు. ఇతరుల పేర్లకంటే సొంత పేరు వినబడినప్పుడు మెదడు ఎక్కువగా స్పందించింది. ఎంత గాఢ నిద్రలో ఉన్నా పసిపిల్ల కాస్త మూలిగితే తల్లి లేవడం ఇలాంటిదే. అందరి మెదళ్లూ ఒకేలా కాపు కాయవు. నిద్రలో మెదడు ‘స్పిండిల్స్’ అనే చిన్న చిన్న విద్యుత్ తరంగాల గుంపులను పుట్టిస్తుంది. అవి ఎక్కువగా ఉన్నవాళ్లు చప్పుళ్లను బాగా తట్టుకుని నిద్రపోతారని 2010లో హార్వర్డ్ పరిశోధకులు 12 మందిపై జరిపిన అధ్యయనంలో గమనించారు. ఒకే గదిలో ఒకరు హాయిగా గురక పెడుతుంటే ఇంకొకరు కప్పు చూస్తూ పడుకోవడానికి ఇదీ ఒక కారణం. మీకు చప్పుడుకు మెలకువ వస్తే అది మీ బలహీనత కాదు, నఖరాలు అంతకన్నా కాదు.

ఇక అసలు సంగతి. నిద్ర చెడగొట్టేది శబ్దం ఎంత పెద్దదన్న ఒక్క విషయమే కాదు, అది ఎంత హఠాత్తుగా వచ్చిందన్నది కూడా. గదిలో 25 డెసిబెళ్ల నిశ్శబ్దం ఉందనుకుందాం. పక్కింటి తలుపు 55 డెసిబెళ్లతో కొట్టుకుంది. తేడా 30. అదే గదిలో ముందునుంచీ 45 డెసిబెళ్ల హోరు ఉంటే తేడా పదే. తలుపు అంతే గట్టిగా కొట్టుకుంది, కానీ మెదడుకు అందిన కుదుపు తగ్గిపోయింది. పగలు కూడా ఆకాశంలో నక్షత్రాలు ఉంటాయి. వెలుగు వల్ల కనిపించవు, అంతే. హోరులో చిన్న చప్పుళ్లు కలిసిపోయేది కూడా అలాగే.

2005లో స్టాంచినా బృందం ‘స్లీప్ మెడిసిన్’ పత్రికలో వెలువరించిన ప్రయోగం దీన్ని బాగా చూపిస్తుంది. ఐసీయూలో రికార్డు చేసిన శబ్దాలను కొద్దిమంది ఆరోగ్యవంతులకు నిద్రలో వినిపించారు. మామూలు రాత్రి గంటకు సుమారు 13 సార్లు క్షణకాలం కదిలిన నిద్ర, ఐసీయూ శబ్దాలతో గంటకు 48 సార్లు కదిలింది. అవే శబ్దాలకు వైట్ నాయిస్ జోడిస్తే ఆ సంఖ్య 16 దగ్గరకు వచ్చేసింది. ఐసీయూ శబ్దాలను తగ్గించలేదు, వాటికీ నేపథ్యానికీ మధ్య తేడా మాత్రం తగ్గించారు. ప్రయోగంలో పాల్గొన్నది చాలా తక్కువమంది కనుక దీన్ని తిరుగులేని రుజువు అనలేం. కానీ వైట్ నాయిస్ ఎలా పనిచేస్తుందో దీంతో స్పష్టంగా అర్థమవుతుంది.

ఈ సంగతి ప్రయోగశాల చెప్పకముందే మన ఒంటికి తెలుసు. ఎండాకాలం రాత్రి కరెంటు పోతే, ఉక్కపోత మొదలయ్యేలోపే ఇంట్లో సగంమందికి మెలకువ వచ్చేస్తుంది. తిరుగుతున్న ఫ్యాను ఆగిపోవడమూ మెదడుకు ఒక మార్పే. కరీంనగర్, నిజామాబాద్ వైపు కిటికీకి బిగించిన కూలర్ హోరులోనే వేసవి రాత్రులు గడుస్తాయి. అలా పెరిగినవాడికి దుబాయ్ గదిలో మొదటి రోజుల్లో నిద్ర పట్టకపోతే, దిగులుతోపాటు అలవాటైన హోరు లేకపోవడమూ అందులో ఒక పాలు కావచ్చు.

వైట్ నాయిస్ మెషీన్ పుట్టుకకు కారణం కూడా ఇలా ఆగిపోయిన ఒక ఏసీ హోరే. 1960ల మొదట్లో అమెరికాలో జిమ్ బక్‌వాల్టర్ అనే ఆయన భార్యతో కలిసి ఒక మోటెల్‌లో దిగాడు. గదిలో ఏసీ పాడైంది. దాని హోరు లేక ఆమెకు నిద్ర పట్టలేదు. ఆ చప్పుడును మాత్రమే పుట్టించే పరికరం చేస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచన ఆయనకు అప్పుడు వచ్చింది. 1962లో ‘స్లీప్‌మేట్’ పేరుతో అది మార్కెట్లోకి వచ్చింది. లోపల చిన్న ఫ్యాను, పైన గుండ్రటి తొడుగు, తొడుగుకు రంధ్రాలు. తొడుగును తిప్పితే రంధ్రాలు తెరుచుకుని లేదా మూసుకుని హోరు స్థాయి మారుతుంది. ఇందులో స్పీకరూ లేదు, రికార్డింగూ లేదు. ఇలాంటి ఫ్యాను యంత్రాలు ఇప్పటికీ అమ్ముతున్నారు. స్పీకరుతో పనిచేసే డిజిటల్ రకాలు ఆ తర్వాత వచ్చినవి.

హోరులో రకాలున్నాయి. వైట్ నాయిస్‌లో, చెవికి అందే 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా ఉన్న ధ్వనులన్నీ సమాన బలంతో ఒకేసారి మోగుతాయి. పాత టీవీలో ప్రసారం ఆగిపోయాక వచ్చే బుసబుస చప్పుడు దీనికి దగ్గరగా ఉంటుంది. చాలామందికి అది చెవిలో గుచ్చుకున్నట్టు అనిపిస్తుంది. పింక్ నాయిస్‌లో పై స్థాయికి వెళ్లేకొద్దీ, అంటే హెర్ట్జ్ రెట్టింపయ్యే ఒక్కో ఆక్టేవ్‌కు 3 డెసిబెళ్ల చొప్పున బలం తగ్గుతుంది. అందుకే ఎడతెరిపి లేని వానలా మెత్తగా ఉంటుంది. బ్రౌన్ నాయిస్‌లో ఆ తగ్గుదల 6 డెసిబెళ్లు. విమానం లోపల కూర్చుంటే వినిపించే లోతైన హోరు ఆ కోవలోది. దుకాణంలో మూడింటినీ వైట్ నాయిస్ అనే అమ్ముతారు.

ఏది ఎంచుకోవాలన్నది ఏ చప్పుడు మిమ్మల్ని లేపుతోందన్న దాన్నిబట్టి ఉంటుంది. బెల్ ల్యాబ్స్‌లో హార్వే ఫ్లెచర్ 1940లో చెప్పిన సూత్రం ఒకటుంది. ఒక శబ్దాన్ని కప్పేయడంలో ఎక్కువగా పనిచేసేది దాని స్థాయికి దగ్గరగా ఉన్న శబ్దమే. మాటలు, గిన్నెల చప్పుడు, తాళంచెవులు, ఫోను మోతలాంటివి మధ్య, పై స్థాయిలవి. వైట్ గానీ పింక్ గానీ వాటిని బాగానే కప్పుతాయి. రోడ్డుమీది లారీ గుర్రుమనడం, గోడలోంచి వచ్చే పాటల డప్పు దెబ్బ కింది స్థాయిలవి. బుసబుసమనే హోరు వాటికి ఆనదు. బ్రౌన్ నాయిస్ కొంత నయం. అయితే అరచేతిలో పట్టే చిన్న స్పీకరు అంత లోతైన ధ్వనిని పుట్టించలేదు. అలాంటప్పుడు చిన్న మెషీన్ కంటే మామూలు స్టాండు ఫ్యానే మేలు.

అందుకే డబ్బు ఖర్చు చేసేముందు గోడమీది థర్మోస్టాట్ చూడండి. అల్ వర్సాన్‌లో ప్రతి గదిలోనూ ఇప్పటికే ఒక హోరు యంత్రం ఉంది, అది ఏసీ. చాలా థర్మోస్టాట్లలో ఫ్యాను మీటకు ‘ఆటో’, ‘ఆన్’ అని రెండు స్థానాలుంటాయి. ఆటోలో ఉంటే గది చల్లబడగానే ఫ్యాను కూడా ఆగిపోతుంది. కాసేపటికి టక్‌మని మళ్లీ మొదలవుతుంది. రాత్రంతా ఈ ఆగడం, మొదలవడం సాగుతూనే ఉంటుంది. ఆగిన ప్రతిసారీ గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయి, కారిడార్‌లో చెప్పుల చప్పుడు కూడా స్పష్టంగా వినిపిస్తుంది. మీటను ఆన్‌లో పెడితే కంప్రెసర్ ఆగినా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, హోరు తెగదు. గాలిలో చెమ్మ ఎక్కువగా ఉండే ఆగస్టు, సెప్టెంబరుల్లో ఒక చిక్కుంది. కంప్రెసర్ ఆగినప్పుడు కాయిల్ మీది తడి ఫ్యాను గాలితో తిరిగి గదిలోకి వచ్చి జిడ్డుగా అనిపించవచ్చు. ఆ రోజుల్లో మీటను ఆటోలోనే ఉంచి, మంచానికి దూరంగా ఒక స్టాండు ఫ్యాను పెట్టుకోవడం మంచిది.

ఫోన్‌తో పని కానిచ్చేవాళ్లూ చాలామంది ఉన్నారు. యూట్యూబ్‌లో హోరు పెట్టుకుంటే మధ్యలో ప్రకటన వచ్చి గట్టిగా అరుస్తుంది. ఏ కుదుపు నుంచి తప్పించుకుందామనుకున్నామో అదే ఎదురవుతుంది. కొన్ని యాప్‌లలో ఒకే చిన్న రికార్డింగ్ తిరిగి తిరిగి మోగుతుంది. దాని అతుకును ఒకసారి చెవి పట్టుకుందంటే ఇక అది వచ్చినప్పుడల్లా తెలిసిపోతూనే ఉంటుంది. ఫోనే వాడాలనుకుంటే ఇంటర్నెట్ లేకుండా నడిచే యాప్‌ను డౌన్‌లోడ్ చేసుకుని, నోటిఫికేషన్లన్నీ ఆపి, తెర కిందికి ఉండేలా బోర్లించి, చేతికందనంత దూరంలో పెట్టండి.

వాల్యూమ్ విషయంలో జాగ్రత్త తప్పనిసరి. పడకగదిలో నిలకడగా ఉండే శబ్దం 30 డెసిబెళ్లకు మించకుంటే మంచిదనీ, మధ్యలో వచ్చే చప్పుళ్లు 45 దాటకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. అంటే హోరును తోచినంత పెంచుకోవడానికి లేదు. చప్పుళ్లను కప్పడానికి ఎంత తక్కువ సరిపోతే అంత తక్కువే వాడాలి. కొలవడానికి తేలిక పద్ధతి ఒకటుంది. మంచం మీద పడుకుని గదిలో ఉన్నవాళ్లతో మామూలు గొంతుతో మాట్లాడండి. గొంతు పెంచాల్సి వస్తే హోరు ఎక్కువైనట్టే. ఫోన్‌లో డెసిబెళ్లు చూపే ఉచిత యాప్‌లు కచ్చితంగా కొలవకపోయినా ఒక అందాజు ఇస్తాయి. చప్పుళ్లను కప్పడానికి ఆ 30 దాటక తప్పకపోయినా, దిండు దగ్గర చూసి 45 నుంచి 50 మధ్య ఆపేయండి. మెషీన్‌ను తలగడ పక్కన కాకుండా, చప్పుడు వచ్చే తలుపుకో కిటికీకో దగ్గరగా పెట్టండి.

పసిపిల్లలున్న ఇళ్లలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. 1990లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో హోరు విన్న 20 మంది నవజాత శిశువుల్లో 16 మంది ఐదు నిమిషాల్లోపు నిద్రపోయారు. వినని 20 మందిలో నిద్రపోయింది ఐదుగురే. ఈ ఫలితం చూసి తల్లిదండ్రులు మురిసిపోవడం సహజం. కానీ 2014లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో మరో అధ్యయనం వచ్చింది. పిల్లల కోసం అమ్మే 14 యంత్రాలను పూర్తి వాల్యూమ్‌లో పరీక్షిస్తే, 30 సెంటీమీటర్ల దూరంలో అన్నీ 50 డెసిబెళ్లు దాటాయి. మూడు యంత్రాలైతే 85 కూడా దాటాయి. ఎనిమిది గంటలు పనిచేసే కార్మికుల చెవులకు పెట్టిన హద్దు ఆ 85. పసికందు చెవి పక్కన రాత్రంతా మోగించదగ్గది కాదు. ఎలుక పిల్లలను ఎడతెగని హోరులోనే పెంచితే మెదడులో వినికిడి భాగం ఎదగడం ఆలస్యమైందని 2003లో ‘సైన్స్’ పత్రికలో చాంగ్, మెర్జెనిచ్ చూపించారు. ఎలుకలకు జరిగింది పిల్లలకూ జరుగుతుందని కాదు. అయినా పిల్లలు మాటలు నేర్చేది చుట్టూ ఉన్న శబ్దాలు వినే. అందుకని యంత్రాన్ని ఊయలలో గానీ, దాని కడ్డీకి గానీ పెట్టొద్దు. గదికి అవతలి మూలన, తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, బిడ్డ నిద్రపోయాక ఆపేయండి. పగలు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

గదిని పంచుకునేవాళ్ల సంగతి వేరు. కార్మికుల వసతి గదుల్లో మనిషికి కనీసం 3 చదరపు మీటర్ల చోటుండాలని, గదికి 8 నుంచి 10 మందికి మించకూడదని యూఏఈ మంత్రివర్గం 2009లో ప్రమాణాలు పెట్టింది. అంతమంది ఉన్న గదిలో ఒకరికి జోలపాట అయిన హోరు ఇంకొకరికి తలనొప్పి. అక్కడ ముందు చేయాల్సింది మాట్లాడుకోవడం. ఎవరు ఎప్పుడు లేస్తారో తెలిసిన గదిలో చొక్కా, బూట్లు రాత్రే సర్దిపెట్టుకోవచ్చు. మోగే అలారం బదులు చేతి వాచీలో వైబ్రేషన్ పెట్టుకోవచ్చు. రాజీ కుదరకపోతే ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు వాడండి. ధర కొద్ది దిర్హాములే. సరిగ్గా నలిపి లోపలికి పెట్టి ఉబ్బనిస్తే 20, 30 డెసిబెళ్లు తగ్గిస్తాయి. కానీ హోరు పెట్టుకున్నా, ప్లగ్‌లు పెట్టుకున్నా ఫైర్ అలారం వినబడుతుందో లేదో ఆలోచించాలి. ఒకే గదిలో అందరూ ఒకేసారి చెవులు మూసుకుని పడుకోవడం మంచిది కాదు.

ఇన్ని చెప్పాక, ఈ యంత్రం ఎంతవరకు నమ్మదగ్గదో కూడా చెప్పాలి. 2021లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 38 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. ఎడతెగని హోరు నిద్రను మెరుగుపరుస్తుందనడానికి ఉన్న ఆధారాలు చాలా బలహీనమైనవని తేల్చారు. కొందరికి మేలు చేసింది, కొందరికి నిద్ర చెడగొట్టింది కూడా. నా అభిప్రాయం ఇదీ: మీ నిద్ర చెడుతున్నది మధ్యమధ్య వచ్చే చప్పుళ్ల వల్లే అయితే హోరు పనికొస్తుంది. గది ఇప్పటికే ప్రశాంతంగా ఉండి కూడా నిద్ర రాకపోతే దానితో పని లేదు. అప్పు గురించిన దిగులు, వీసా బెంగ, రాత్రి పదింటికి తాగిన కరక్ చాయ్, నైట్ డ్యూటీ తర్వాత కళ్లలో పడే ఎండ వంటివాటిని ఏ యంత్రమూ కప్పలేదు. పగలు పడుకునేవాళ్లు ముందు కిటికీకి వెలుగు రానివ్వని మందపాటి కర్టెన్ వేసుకోవాలి. హోరు ఆ తర్వాత.

వారానికి మూడు రాత్రుల చొప్పున నెలల తరబడి నిద్ర పట్టకపోతే డాక్టరును కలవండి. దీర్ఘకాల నిద్రలేమికి మాత్రలకంటే ముందు సీబీటీ-ఐ అనే ప్రవర్తనా చికిత్సను మొదలుపెట్టాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. పక్క మంచం మీది మిత్రుడి గురక మధ్యలో ఆగిపోయి, అతను ఊపిరి అందనట్టు ఒక్కసారిగా లేస్తున్నాడంటే హోరుతో దాన్ని కప్పేసి ఊరుకోవద్దు. అది నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా కావచ్చు. ఆ మిత్రుడికి చెప్పండి. అతను డ్రైవరైతే మరీ ఆలస్యం చేయకుండా చెప్పండి.

ఊళ్లో ఉన్న కుటుంబాలకు కూడా ఒక మనవి. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక ఉంటుంది. మీరు ఐదింటికి లేచి పంపే శుభోదయం మెసేజ్ అక్కడ మూడున్నరకు మోగుతుంది. మీ దగ్గరి నుంచి వచ్చింది కనుక భయపడి లేచి చూస్తారు, మళ్లీ నిద్ర పట్టదు. అత్యవసరమైతే తప్ప మన ఎనిమిది దాటేదాకా ఆగండి. వాళ్లు ఏ షిఫ్టులో ఉన్నారో అడిగి తెలుసుకుని, దాన్నిబట్టి ఫోన్ చేయండి.